గోడపాము

నేను సైన్సు మేష్టారిని. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు జరిగిన తప్పులో సగం ఈ ముక్క వల్లే జరిగింది. ఆదోనిలో మా నాన్న పత్తి వ్యాపారం చూసుకొమ్మంటే వినకుండా, డిగ్రీ పట్టా చంకన పెట్టుకుని ఎమ్మిగనూరుకు వచ్చి బళ్ళో చేరాను. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది అది. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్ళు కూడా “అయివారూ” అని లేచి నిలబడేవారు. అలా రోజూ నిలబడుతుంటే ఎవరికైనా తల తిరుగుతుంది. నాకు బాగానే తిరిగింది.

నేను అద్దెకున్నది బసన్న ఇంట్లో. ముందు గది నాది. నడిమింట్లో అతని మగ్గం. అది గుంత మగ్గం. నేలలో నడుము లోతున గుంత తవ్వి ఉంటుంది. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంతలోకి దించి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతాడు. తొక్కితేనే పడుగు విచ్చుకుంటుంది, నూలు కండె ఉన్న నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. బసన్న కుడికాలికి ఆ వీధిలో పెద్ద పేరు. ఎంతసేపు నేసినా ఆ తొక్కుడులో తేడా రాదని తోటి నేతగాళ్ళే చెప్పేవారు. “అందరూ సేత్తో అన్నం తింటే నా కొడుకు కాలితో తింటాండాడు” అని వాళ్ళమ్మ ఈశ్వరమ్మ వేళాకోళం చేసేది. వేళాకోళమే గానీ నిజం కూడా అదే. ఆ ఇంటికి ఆధారం ఆ ఒక్క మగ్గం, ఆ ఒక్క కాలు.

మా వైపు ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. ముంగారు వానలు మొదలయ్యేలోపు మిద్దె మీద కొత్తగా చౌడు మట్టి పోయించి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. చౌడు గట్టిపడితే వాన చుక్క కిందికి దిగదు. ఆ పని చేసేందుకు కోసిగి వైపు నుంచి ఏటా ఆడవాళ్ళు వచ్చేవారు. పాత గోడలు పడగొట్టడం, కొత్త గోడలు లేపడం, మిద్దెలు సరిచేయడం వాళ్ళ పని. ఆ ఏడు బసన్న మిద్దెకు వచ్చింది హులిగెమ్మ, ఆమెతో ఇంకో ఇద్దరు.

హులిగెమ్మకు నలభై దాటి ఉంటాయి. ఎత్తుగా, ఎండుగా ఉండేది. గొంతు మాత్రం మిద్దె మీద నుంచి మాట్లాడినా వీధి చివరికి వినబడేది. నిచ్చెన ఇంటి బయట గోడకు వేసి ఉండేది కాబట్టి వాళ్ళకు ఇంట్లోకి రావలసిన పని లేదు. రానిచ్చేవాళ్ళూ లేరు. దాహమైతే కిందికి దిగి దోసిలి పడితే ఈశ్వరమ్మ ఎత్తు నుంచి నీళ్ళు పోసేది. అందులో తప్పేమిటో అప్పట్లో నాకూ తోచలేదు. నాకు తోచనివి చాలా ఉండేవని తర్వాత కదా తెలిసింది.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. నేను అన్నం తిని పడుకున్నాను. పైన దిమ్మిస దెబ్బ పడ్డప్పుడల్లా దూలాల సందుల్లోంచి దుమ్ము రాలుతోంది. “ఏమే, మెల్లగా కొట్టరాదా, పడుగంతా దుమ్మైతాంది!” అని ఈశ్వరమ్మ అరుస్తోంది. “మెల్లగా కొడితే వాన కూడా మెల్లగానే కారుతాదవ్వా!” అని పై నుంచి జవాబు వచ్చింది. నాకు నిద్ర పట్టబోతుండగా మగ్గం చప్పుడు ఆగిపోయి, బసన్న కేక వినబడింది.

దిమ్మిస అదురుకు గోడ సందులో ఉన్న పాము బయటపడి మగ్గం గుంతలోకి జారింది. బసన్న చూడకుండా తొక్కాడు. అది కుడికాలి మీద, మడమకు కొంచెం పైన కరిచింది. నేను వెళ్ళేసరికే ఇరుగుపొరుగు మగవాళ్ళు కట్టెలు పట్టుకుని గుంత మీద వంగి ఉన్నారు. పాము తోక వైపు సగం అప్పటికే నలిగిపోయింది. ఎవరో దాన్ని కట్టెతో గట్టు మీదికి లాగి, దాని మీద గంప బోర్లించి, పైన సన్నికల్లు పెట్టారు. గంప పడేలోపు నేను ఒక్క క్షణం చూశాను. నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లటి పట్టీలు.

నా దగ్గర పాముల బొమ్మలున్న పుస్తకం ఒకటి ఉండేది. అందులో నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలున్న పాము ఒకటే ఉంది.

“కట్లపాము,” అని చెప్పాను.

అయివారు చెప్పాక ఇంక అడిగేదేముంది? ఈశ్వరమ్మ గుండె బాదుకుంది. నేను మగ్గం పక్కనున్న నూలు తాడు తీసి, బసన్న మోకాలి కింద చుట్టి, కర్రముక్క దోపి మెలిపెట్టి బిగించాను. చాలా గట్టిగా బిగించాను. అందరూ నన్ను చూస్తున్నారు కదా, అందుకని ఇంకో మెలిక కూడా వేశాను.

ఎవరో వేపాకు తెచ్చి బసన్న నోట్లో పెట్టారు. పాము కరిచినవాడికి వేపాకు చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టే అని మా వైపు నమ్మకం. నేను పైకి ఒప్పుకోను గానీ నేనూ అతని నోటి వైపే చూస్తున్నాను. బసన్న నమిలాడు. ఇంకా రెండు రెమ్మలు నమిలాడు.

“సేదు ల్యా,” అన్నాడు.

ఇల్లంతా ఒక్కసారి ఏడుపు లేచింది. ఇంకో పావుగంటకు కాలు ఉబ్బి, వేళ్ళు నీలం తిరిగాయి. నేను వంగి చూసి, “అదిగో, విషం రంగు,” అన్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

ఊళ్ళో డాక్టరు ఆ రోజు పని మీద ఆదోని వెళ్ళాడు. ఆరు గంటల బస్సుకు గానీ రాడు. ఇద్దరు పరుగెత్తి గిడ్డయ్యను పిలుచుకొచ్చారు. గిడ్డయ్య పాము మంత్రం వేసే ముసలాయన. మోసగాడు కాదు. మంత్రానికి ఏమీ పుచ్చుకోడు, పిలిస్తే అన్నం ముందు నుంచి కూడా లేచి వస్తాడు. ఆయన చేతి మీద బతికినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళను కరిచినవి ఏ పాములో ఎవరూ అడగలేదంతే. ఆయన బసన్న కాలు పట్టుకుని చూశాడు. వేపాకు సంగతి విన్నాడు. తల అడ్డంగా తిప్పాడు.

“మంత్రానికి పొద్దు మించిపోయింది. కొడవలి కాల్చి వాత పెట్టల్ల. ఎముక దంకా కాల్తే విషం ఆడనే నిలబడతాది.”

“కాలు పని సేస్తాదా మామా?” అని అడిగాడు బసన్న.

“కాలు సంగతి నాకు తెలీదు. మనిషి మిగుల్తాడు.”

“కాలు ల్యాకుండా నేను మిగిలి ఏం సేసేది?”

పెరట్లో పొయ్యి రాజేసి కొడవలి అందులో పెట్టారు. బసన్న నా వైపు చూసి, “అయివారూ, వేరే దోవ ల్యాదా?” అన్నాడు. చదువుకున్నవాణ్ణి కదా, అందుకని అడిగాడు. నేను తల వంచుకున్నాను.

ఇంతలో ఎవరో మిద్దె వైపు వేలెత్తి, “ఆ ఆడోళ్ళు గోడలు అదరగొట్టబట్టే గదా పాము పడింది!” అన్నారు. ఈశ్వరమ్మ బయటికి పరుగెత్తి పైకి చూసి నోటికొచ్చినట్టల్లా తిట్టింది. దిమ్మిస ఆగిపోయింది. హులిగెమ్మ నిచ్చెన దిగి, మోకాళ్ళదాకా మట్టితో గడప దగ్గర నిలబడింది.

“పాము సచ్చిందా?” అని అడిగింది.

“ల్యా. గంప కింద ఉండాది,” అన్నాడొకడు.

“నన్నొకతూరి సూడనీండి.”

రమ్మని ఎవరూ అనలేదు. వద్దనడానికీ ఎవరికీ నోరు రాలేదు. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. మగవాళ్ళు తగలకుండా పక్కకు జరిగారు.

ఆమె ముందు పాము వైపు పోలేదు. బసన్న ముందు కూర్చుంది.

“నోరు తెరువప్పా.”

బసన్న తెరిచాడు. నాలుక మీద తెల్లగా పొక్కి ఉంది.

“ఈపొద్దు సున్నం ఎక్కువేసుకున్యావా?”

“కొత్త సున్నం తెచ్చినా పొద్దున. ఆకుల్లో వేసుకుంటే నోరు కాలిపోయింది. అన్నం కూడా ఉప్పూ కారం తెలీకుండా తింటి.”

“అన్నమే తెలీని నోటికి ఏపాకు యాడ తెలుస్తాది?” అని, ఆమె కాలి వైపు జరిగింది. తాడును వేలితో తాకి చూసింది. “ఇది కట్టిందెవరు?”

“నేనే,” అన్నాను.

“ఇట్లా బిగిస్తే పాము కరవకపోయినా నీలమైతాది, అయివారూ.”

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పుకుంటున్నాను కాబట్టి ఇదీ చెబుతాను. ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చి ఉండగా కూడా నాకు కోపం వచ్చింది బసన్న కాలు గురించి కాదు, నా మాట గురించి. “అది కట్లపాము. నేను పుస్తకంలో చూసినాను,” అన్నాను.

“నేను గోడల్లో సూసినా,” అంది హులిగెమ్మ.

సన్నికల్లు జరిపి, గంప కొంచెం ఎత్తి, అలాగే వంగి చాలాసేపు చూసింది. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. “కట్లపాముకు మెడకాడ పట్టీలుండవు. జానెడు ఇడిసిపెట్టి ఆడ మొదలైతాయి. దీనికి సూడండి, మెడకాడ్నుంచే ఉండాయి. ఇది గోడపాము. పాతగోడ పడగొడితే సాలు, ఇట్లాంటివి బయటపడతాయి. బల్లుల్ని తిని బతుకుతాది. కరుస్తాది, రక్తం వస్తాది, అంతే. విషం ల్యా.”

కొడవలి అప్పటికి ఎర్రగా కాలింది. గిడ్డయ్య దాన్ని గుడ్డపీలికతో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “రెండు పాములూ ఒకే తీరుగుంటే, నీ కంటిని నమ్ముకుని మనిషిని సంపుకుందామా? మన్ను మోసేదానివి, నీ మాట మీద నేను ఈ కొడవలి పక్కన పెట్టల్లా?” అన్నాడు.

“అవును, అది ఎట్లా కుదురుతుంది?” అన్నాను నేను కూడా.

హులిగెమ్మ మా ఇద్దరినీ చూసింది. గంప మళ్ళీ ఎత్తి ఎడమ చెయ్యి లోపల పెట్టింది.

పాము బొటనవేలి కింద కండ పట్టుకుని వదల్లేదు. ఆమె చెయ్యి బయటికి తీసి, అది వేలాడుతుండగానే అందరికీ చూపించింది. తర్వాత దవడ దగ్గర నొక్కి విడిపించి, నలిగిన తోకకు దెబ్బ తగలకుండా కింద పెట్టి గంప బోర్లించింది. చేతి మీద రెండు చోట్ల నెత్తురు కారుతోంది.

“కొడవలి పక్కన పెట్టు తాతా. నేను పడిపోతే అప్పుడు కాల్చు, నా సెయ్యీ ఆయప్ప కాలూ. ముందు ఆ తాడు ఇప్పండి.”

ఎవరూ కదల్లేదు. బసన్నే వంగి ముడి మీద చేతులు వేశాడు గానీ అది బిగుసుకుపోయి పట్టు చిక్కలేదు. చివరికి నేనే వెళ్ళి కూర్చున్నాను. నేను వేసిన ముడి విప్పడానికి నాకే చాలాసేపు పట్టింది. నెత్తురు కాల్లోకి దిగుతుంటే బసన్న నొప్పికి పళ్ళు కొరికాడు.

హులిగెమ్మ చెయ్యి కడుక్కుని పైట చెంగు చింపి కట్టుకుంది. ఆకాశం వైపు చూసింది. “మోడం పట్టింది. సగం మిద్దె అట్లే ఉండాది. ఇప్పుడు వాన పడితే మగ్గమంతా తడిసిపోతాది,” అని నిచ్చెన ఎక్కింది. కాసేపటికి పైన దిమ్మిస మళ్ళీ మొదలైంది.

ఆ తర్వాతి రెండు గంటలు మేమందరం పైకి చెవులు పెట్టి కూర్చున్నాం. తోటివాళ్ళు మట్టి పోసి నీళ్ళు చల్లుతుంటే దిమ్మిస కొట్టేది ఆమే కాబట్టి, దెబ్బ పడుతోందంటే ఆమె నిలబడి ఉంది. ఆమె నిలబడి ఉందంటే బసన్న బతుకుతాడు. గిడ్డయ్య కొడవలి చల్లారితే పొయ్యిలో పెట్టడం, కాలితే బయటికి తీయడం, పైకి చూడడం, ఇదే పని. బసన్న కాలు నీలం నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి మామూలు రంగుకు తిరిగింది. ఒకసారి బొటనవేలు కదిపాడు. ఈశ్వరమ్మ ఆ వేలు పట్టుకుని ఏడ్చింది. దూలాల్లోంచి దుమ్ము పడుగు మీద రాలుతూనే ఉంది. మెల్లగా కొట్టమని ఎవరూ అనలేదు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

గిడ్డయ్య కొడవలి అందుకున్నాడు. ఈశ్వరమ్మ ముసలి కాళ్ళతో వీధిలోకి పరుగెత్తి, “అమ్మా! హులిగెమ్మా! ఏమైంది తల్లీ?” అని కేక పెట్టింది.

“ఏమీ కాలేదవ్వా! మన్నుకు సల్లే నీళ్ళే ఇన్ని తాగుతాండాను!”

దిమ్మిస మళ్ళీ పడింది. గిడ్డయ్య కొడవలి తీసుకెళ్ళి కుడితి తొట్టిలో పడేశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆయన వచ్చి బసన్న పక్కన కూర్చుని, “నాకింత దంకా ఎవరూ సెప్పలేదురా,” అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, బరువు దిగిన తేలిక ఉంది. ఎన్ని కాళ్ళకు వాతలు పెట్టాడో ఆయనకే తెలుసు.

బస్సు దిగి డాక్టరు వచ్చేసరికి వాన మొదలైంది. ఇద్దరి కళ్ళు, నాలుక, నాడి అన్నీ చూశాడు. ఎవరికీ విషం లేదన్నాడు. కాలి మీద తాడు పడ్డ గాడి చూసి మాత్రం మండిపడ్డాడు. “ఈ కట్టు ఇంకో గంట ఉండి ఉంటే కాలు తీసేయాల్సి వచ్చేది. ఎవరయ్యా కట్టింది?” అన్నాడు. నేను క్లాసులో తప్పు చేసిన పిల్లాడిలా చెయ్యి ఎత్తాను.

వాన జోరుగా కురిసింది. మగ్గం మీద ఒక్క చుక్క పడలేదు. ఈశ్వరమ్మ చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి, దోసిట్లో పోయకుండా చెంబే హులిగెమ్మ చేతికి ఇచ్చింది. బసన్న గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, “నా మగ్గం మీద నీకు సీర నేస్తానక్కా,” అన్నాడు. “ముందు కాలు సక్కగా రానీ. వంకర నేత నాకొద్దు,” అని ఆమె నవ్వింది.

వాన తగ్గేదాకా ఆమె నా గది ముందు అరుగు మీద కూర్చుంది. తోటి ఆడవాళ్ళు ఓ మూల కునుకుతున్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. నిలబడ్డానని ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే సంతోషంగా ఉంది. ఎవరి ముందైనా నేను నిలబడడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి.

“నీకు అంత గట్టిగా ఎట్లా తెలిసింది?” అని అడిగాను.

“గట్టిగా యాడ తెలిసింది అయివారూ?” అంది. “గట్టిగా తెలియాలంటే తోక సూడల్ల. గోడపాముకు తోకకాడికి పోయేకొద్దీ పట్టీలు మాసిపోతాయి. కట్లపాముకు మాయవు. దాని తోక మీరంతా కట్టెల్తో నలగ్గొట్టి పెట్టినారు. ఇంక మెడ ఒకటే మిగిలింది. కట్లపాము పిల్లలకు ఒక్కోదానికి మెడకాడ గూడా తెల్లమచ్చలుంటాయి. మెడ సూస్తే ముప్పాతిక తెలుస్తాది.”

నేను అరుగు అంచున కూర్చున్నాను. ఆమె పైన దిమ్మిస కొడుతున్న ఆ రెండు గంటలు నాకు మళ్ళీ గుర్తొచ్చాయి. కింద మేము ఎంత భయపడ్డామో, పైన ఆమె కూడా అంతే భయపడుతూ మట్టి కొట్టింది. ఆమెకు కోసిగిలో ఇద్దరు ఆడపిల్లలున్నారని ఈశ్వరమ్మ చెప్పింది.

“మిగతా పాతిక?” అన్నాను.

“ఆ పాతికకే గదా సెయ్యి పెట్టింది.”

“పెట్టకపోతే ఏం? నీకు తెలిసింది చెప్పి ఊరుకుంటే సరిపోయేది కదా?”

“సెప్తినే. ఎవరన్నా ఇన్యారా?” అంది. నెత్తురుతో తడిసిన కట్టును వాన నీళ్ళలో పెట్టి కడుక్కుంటూ నా వైపు చూసింది. “నీవు కట్లపామంటివి. నిన్నెవరన్నా సెయ్యి పెట్టి సూపీమన్యారా అయివారూ?”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బసన్న లోపల మగ్గం గట్టు మీద కూర్చుని, కుడికాలితో కర్ర తొక్కి చూసుకుంటున్నాడు. ఆ చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది.

“ఎవరూ అడగలేదమ్మా,” అన్నాను.